చిన్నాటలతో ఫుట్‌బాల్ ప్రాక్టీసు: వారాంతపు ఆటగాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో మారతహళ్ళి, బెళ్ళందూరు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగువాళ్ళం కొందరం వారానికి రెండుసార్లు ఫుట్‌బాల్ ఆడతాం. అందరం ఉద్యోగాలు చేసుకునేవాళ్ళమే. సగం మందికి పైగా చిన్నప్పుడు క్రికెట్ తప్ప మరో ఆట ఎరగరు. ఈ జట్టుకు ప్రాక్టీసు చేయించే పని నాది. కొత్తగా ఎవరు చేరినా ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతారు. పక్క జట్లవాళ్ళు కూడా అడుగుతున్నారు కాబట్టి జవాబులన్నీ ఒక చోట పెడుతున్నాను.

చిన్నాట అంటే ఏమిటి? మేము ఎలాగూ టర్ఫ్‌లో (అద్దెకి దొరికే చిన్న కృత్రిమ గడ్డి మైదానంలో) ఐదుగురు ఐదుగురు ఆడుతున్నాం కదా?

కోచ్‌లు స్మాల్ సైడెడ్ గేమ్ అనేదాన్నే మేము చిన్నాట అంటాం. జట్టుకు ముగ్గురి నుంచి ఏడుగురి దాకా ఉంటారు, జాగా చిన్నది, దానికి తోడు ఆ రోజుకని పెట్టుకున్న ఒక రూల్. ఆ రూల్ దగ్గరే తేడా ఉంది. శనివారం రాత్రి మీరు టర్ఫ్‌లో ఆడేది మ్యాచ్. గెలవడం కోసం ఆడతారు, అంతవరకూ మంచిదే. చిన్నాట అలా కాదు. ఇవాళ ఏం నేర్చుకోవాలో ముందు అనుకుని, దానికి తగ్గట్టు జాగానీ, మనుషుల లెక్కనీ, రూల్‌నీ మార్చి తయారుచేసుకునే ఆట అది.

నేను నాలుగేళ్ళ పాటు ప్రతి శనివారం టర్ఫ్‌లో ఆడాను. మొదటి ఏడాది ఎవరు ఏం చేసేవారో నాలుగో ఏడాదీ అదే చేశారు. బంతి ఆడించడం వచ్చిన ముగ్గురు ఆడించారు, మిగతావాళ్ళం పక్కన నిలబడి చేతులు చాచి అడిగాం. ఆ తర్వాత ఒక టోర్నమెంటులో మొదటిసారి పెద్ద గ్రౌండ్‌లో పదకొండు మందితో దిగితే, బంతి లేనప్పుడు ఎక్కడ ఉండాలో మాలో ఒక్కరికీ తెలియలేదు. ఆడటం వేరు, ఆడుతూ నేర్చుకోవడం వేరు అని నాకు ఆ రోజు అర్థమైంది.

పదకొండు మంది ఆటకి సిద్ధం కావాలంటే పదకొండు మందితోనే ఆడాలి కదా?

కొంతవరకు నిజం. పెద్ద గ్రౌండ్‌లో దూరాలు అలవాటవ్వాలంటే అక్కడ ఆడక తప్పదు. కానీ ఒక్కసారి లెక్క చూడండి. పెద్ద మ్యాచ్‌లో 22 మందికి బంతి ఒక్కటే. 90 నిమిషాల్లో మనలాంటి ఆటగాడి కాలికి బంతి తగిలేది చాలా తక్కువసార్లు. నలుగురు నలుగురు ఆడితే ఎనిమిది మందికి ఒక బంతి. మీ దగ్గరికి అది మళ్ళీ మళ్ళీ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ చూడాలి, నిర్ణయించుకోవాలి, ఆడాలి. తప్పు చేస్తే అర నిమిషంలో దిద్దుకునే అవకాశం వస్తుంది.

కోన్స్ (గుర్తుగా నేల మీద పెట్టే ప్లాస్టిక్ శంకువులు) మధ్య బంతి నడపడం, గోడకు కొట్టి ఆపడం లాంటివి పనికిరావని నేను అనను. ఫస్ట్ టచ్, అంటే వచ్చిన బంతిని కాలితో మొదట అందుకునే తీరు, బాగుపడటానికి అవీ కావాలి, ఇంటి దగ్గర చేసుకోండి. కానీ కోన్ మీ మీదికి రాదు. ఎదుటి మనిషి కాలు వస్తున్నప్పుడు తల ఎత్తి చూడటం మనుషులతో ఆడితేనే అలవాటవుతుంది. వారానికి రెండు గంటలు మాత్రమే దొరికే మనం ఆ రెండు గంటలూ లైన్లో నిలబడి వంతు కోసం ఎదురుచూడటం నాకు బాధగా అనిపిస్తుంది.

జాగా ఎంత ఉండాలి?

మా జట్టులో ఎక్కువ చర్చ జరిగేది దీని మీదే, జరగాల్సింది కూడా దీని మీదే. మొత్తం జాగా ఎంత అని కాకుండా తలకి ఎంత వస్తోందో చూడండి. పొడవును వెడల్పుతో గుణించి, ఆడేవాళ్ళ సంఖ్యతో భాగించాలి. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉన్న పెద్ద గ్రౌండ్ మొత్తం 7,140 చదరపు మీటర్లు. 22 మందికి పంచితే తలకి 325 దగ్గర వస్తుంది. 30 మీటర్లకు 20 మీటర్ల జాగాలో నలుగురు నలుగురు ఆడితే తలకి 75 మాత్రమే. అదే 40కి 30 చేస్తే 150.

తలకి జాగా తగ్గినకొద్దీ ఆలోచించే టైం తగ్గుతుంది. ఒంటి మీద మనిషి ఉంటాడు, ఢీకొనడం, ఆగడం, తిరగడం ఎక్కువ. జాగా పెరిగినకొద్దీ పరుగు ఎక్కువవుతుంది, ఆయాసం వస్తుంది, కానీ బంతితో కొంచెం ఊపిరి తీసుకునే వీలుంటుంది. కొత్తవాళ్ళు వచ్చిన రోజు ఇరుకు జాగాలో ఆడించడం తప్పు. వాళ్ళకి బంతి ఆపే లోపే పోతుంది, ఒక గంటంతా పోగొట్టుకుంటూనే ఉంటారు, వచ్చే వారం రారు. ముందు జాగా పెంచండి. కాళ్ళు కుదురుకున్నాక నెలనెలా కొంచెం కొంచెం తగ్గించండి.

ఆకారం కూడా పాఠం చెబుతుంది. వెడల్పు ఎక్కువ, పొడవు తక్కువ పెడితే బంతిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మార్చడం అలవాటవుతుంది. పొడవుగా, సన్నగా పెడితే ముందుకు పాస్ ఇవ్వడం, వెనక నుంచి పరిగెత్తుకు రావడం వస్తాయి.

కొలవడానికి టేపు అక్కర్లేదు. పెద్ద అంగ ఒకటి మీటరు అనుకోండి. పెద్ద గ్రౌండ్ దొరికితే ఇంకా సులువు. గోల్ ముందు గీసే పెద్ద చతురస్రం లాంటి పెనాల్టీ బాక్సు గీతలు ఎలాగూ ఉంటాయి. అది 40.3 మీటర్ల వెడల్పు, 16.5 మీటర్ల లోతు. నలుగురు నలుగురు ఆడితే తలకి 83 చదరపు మీటర్ల దాకా వస్తుంది. కోన్స్ మరిచిపోయిన రోజు మేము అందులోనే ఆడేస్తాం.

ఎంతసేపు ఆడించాలి? గంట స్లాటే దొరుకుతుంది.

ఆపకుండా గంట ఆడితే మొదటి పది నిమిషాలు పరుగు, మిగతా యాభై నిమిషాలు నడక. అందుకే ముక్కలుగా ఆడాలి. ఫిట్‌నెస్ కోసం ప్రొఫెషనల్ జట్లు చాలాచోట్ల వాడే పద్ధతి నాలుగు నిమిషాల ఆట, మూడు నిమిషాల విశ్రాంతి, అలా నాలుగుసార్లు. గుండె వేగం గరిష్ఠంలో 85 శాతం దాటాలన్నది దాని ఉద్దేశం. ఏసీ గదిలో పది గంటలు కూర్చుని వచ్చిన మనిషికి మొదటి నెలలో అది ఎక్కువ. మేము మూడు నిమిషాల ఆట, రెండు నిమిషాల విశ్రాంతితో మొదలుపెట్టి ఆరుసార్లు ఆడతాం. రెండు నెలల తర్వాత నాలుగు నిమిషాలకి వెళ్తాం.

గంట స్లాటులో మా లెక్క సుమారుగా ఇలా ఉంటుంది. పన్నెండు పదిహేను నిమిషాలు వార్మప్, ఇరవై ఐదు ముప్ఫై నిమిషాలు చిన్నాట, చివరి పదిహేను నిమిషాలు ఏ రూలూ లేని మామూలు మ్యాచ్. ఆ మ్యాచ్‌ని తీసేయకండి. అందరూ వచ్చేది దానికోసమే. పైగా నేర్చుకున్నది ఎవరూ చెప్పకుండా బయటికి వస్తోందో లేదో తెలిసేది అక్కడే.

ఎంత కష్టపడ్డారో తెలుసుకోవడానికి గుండె వేగం చూపే వాచీ ఉంటే మంచిదే, లేకపోయినా ఫర్వాలేదు. ప్రాక్టీసు అయిన అరగంటకి ప్రతివాళ్ళనీ సున్నా నుంచి పది దాకా ఒక మార్కు చెప్పమంటాను. దాన్ని ఆడిన నిమిషాలతో గుణిస్తాను. నలభై నిమిషాలు ఆడి ఏడు అన్నాడంటే 280. మ్యాచ్ ఉన్న వారం ఆ అంకె తగ్గాలి. ఒకే మనిషికి వరసగా పెరుగుతూ పోతుంటే ఒక రోజు కూర్చోమని చెబుతాను.

ఏ రూల్ పెడితే ఏం నేర్చుకుంటారు?

గల్లీ క్రికెట్ గుర్తు చేసుకోండి. గోడ దాటి కొడితే అవుట్ అని పెట్టుకునేవాళ్ళం. ఎదురింటి పిన్నిగారు బంతి తిరిగివ్వరని పెట్టుకున్న రూల్ అది. కానీ దానివల్ల ఏమైంది? వీధిలో ప్రతి పిల్లాడూ బంతిని నేల మీద కొట్టడం నేర్చుకున్నాడు. ఏ కోచూ చెప్పలేదు. వన్ పిచ్ క్యాచ్ పెట్టుకున్నాం కాబట్టి మెత్తటి చేతులతో ఆడటం వచ్చింది. చిన్నాటలో జరిగేదీ ఇదే. నేను పక్కన నిలబడి వెడల్పుగా ఉండండి అని వంద సార్లు అరిచినా ఎవరూ వెడల్పుకి వెళ్ళరు. గోల్‌పోస్టులు మూలల్లో పెడితే నోరు తెరవక్కర్లేదు.

అదే ఉదాహరణగా తీసుకుందాం. రెండు వైపులా మధ్యలో ఒక్కో గోల్ తీసేసి, నాలుగు మూలల్లో నాలుగు చిన్న గోల్స్ పెట్టండి. ఒక్కో జట్టుకి కొట్టడానికి రెండు, కాపాడుకోవడానికి రెండు. ఒక పక్క గుంపు కడితే రెండో పక్క ఖాళీ అవుతుంది. మొదటి రెండు రౌండ్లూ అందరూ గుంపులోనే దూరతారు. మూడో రౌండులో ఎవరో ఒకరు తల తిప్పి చూసి, బంతి అటు మార్చి, తాపీగా గోల్ వేస్తారు. అంతే, ఇక అందరూ తల తిప్పడం మొదలుపెడతారు. అది జరిగే క్షణం చూడటం నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన విషయం.

బంతి పోగానే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడే జబ్బు మా జట్టుకి చాలాకాలం ఉండేది. దానికి మందు, బంతి పోయిన ఐదు సెకన్లలో తిరిగి లాక్కుని గోల్ వేస్తే రెండు గోల్స్ లెక్క. నిలబడేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే కదిలారు. డిఫెండర్లు వెనకాలే పాతుకుపోతుంటే ఇంకో రూల్ ఉంది. గోల్ పడే సమయానికి జట్టంతా జాగా మధ్య గీత దాటి ముందుకు వచ్చి ఉంటేనే లెక్క. ఆలస్యంగా పరిగెత్తేవాళ్ళు మొదట్లో ఎంతో కోపం తెప్పిస్తారు, రెండు వారాల్లో దారిలోకి వస్తారు.

షూటింగ్ కోసమైతే రెండు పెనాల్టీ బాక్సులను వీపుకి వీపు ఆనించినట్టు ఊహించుకోండి. 33 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు, రెండు వైపులా పెద్ద గోల్, ఇద్దరు కీపర్లు, ఐదుగురు ఐదుగురు. ఎక్కడ నిలబడినా గోల్ దగ్గరే కాబట్టి ప్రతి ఒక్కరూ కొడతారు. పది బంతులు పక్కన సిద్ధంగా ఉంచుకోండి, లేకపోతే సగం టైం బంతి తేవడానికే పోతుంది.

ఆరు పాసులు వరసగా ఇస్తే ఒక పాయింటు అనే ఆట చాలామంది ఆడతారు. నాకు అది అంతగా నచ్చదు. పాసుల లెక్క కోసం పాసులు ఇస్తారు, బంతి ఎక్కడికీ పోదు. బంతి నిలబెట్టుకోవడం గోల్ వేయడానికే కాబట్టి గోల్ లేని ఆటని నేను వార్మప్‌కి మాత్రమే వాడతాను.

ఈ ఆలోచన ఎక్కడో యూరప్ నుంచి వచ్చిందని అనుకోనక్కర్లేదు. మన హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసి, 1950 నుంచి 1963లో కన్నుమూసే దాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు కుర్రవాళ్ళకి డ్రిబ్లింగ్ (బంతిని కాలితో నడుపుకుంటూ మనుషుల్ని దాటడం) చేయకూడదనే పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడాలనే పోటీలు పెట్టేవారు. ఆయన చేతి కింద భారత జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఎడమ కాలి రోజు అని మేము నెలకి ఒకసారి ఆడే ఆట ఆయన దగ్గర నుంచి తీసుకున్నదే.

టూ టచ్ రూల్ (బంతిని రెండుసార్లే తాకి ఇచ్చేయాలి) ఎప్పుడూ ఉంచేస్తే పాసింగ్ త్వరగా మెరుగవుతుందా?

ఎప్పుడూ ఉంచకండి. రెండు టచ్‌లే అంటే బంతి వచ్చే ముందే చుట్టూ చూసుకోవడం అలవాటవుతుంది, అది మంచిదే. కానీ ఎదురుగా ఖాళీ ఉన్నప్పుడు బంతి తీసుకుని ముందుకు దూసుకెళ్ళాలన్న ధైర్యం చచ్చిపోతుంది. కొత్తవాళ్ళయితే కంగారులో ఎటో తన్నేస్తారు. నేను ఆరు రౌండ్లలో ఒకటో రెండో టూ టచ్ ఆడించి, తర్వాత తీసేస్తాను. తీసేశాక కూడా త్వరగా ఆడుతున్నారంటే పాఠం ఎక్కినట్టే.

తొమ్మిది మందే వచ్చారు, లేదా పదకొండు మంది వచ్చారు. ఒకరిని కూర్చోబెట్టాలా?

వద్దు. వేరే రంగు బిబ్ (జట్టు గుర్తుకి చొక్కా మీద వేసుకునే చేతుల్లేని బనియను) వేసి, బంతి ఎవరి దగ్గర ఉంటే ఆ జట్టు వైపు ఆడమనండి. జోకర్ అని పిలవండి, అందరికీ వెంటనే అర్థమవుతుంది. బంతి ఉన్న జట్టుకి ఎప్పుడూ ఒక మనిషి ఎక్కువ కాబట్టి పాసు ఇచ్చే దారి దొరుకుతుంది. దెబ్బ నుంచి కోలుకుని వచ్చినవాళ్ళకి కూడా ఆ స్థానం బాగుంటుంది. వాళ్ళ మీద ట్యాకిల్ చేయకూడదని, అంటే కాలు పెట్టి బంతి లాక్కోకూడదని, ముందే చెప్పేయండి. మూడు నిమిషాలకి ఒకరు చొప్పున మారాలి.

బాగా ఆడేవాళ్ళూ కొత్తవాళ్ళూ కలిసి ఉంటే ఆట ఎలా నడుస్తుంది?

ఇది సున్నితమైన విషయం. బాగా ఆడేవాళ్ళకి విసుగు రాకూడదు, కొత్తవాళ్ళు చిన్నబుచ్చుకోకూడదు. అందరికీ ఒకే రూల్ ఉండాలన్నది ఏమీ లేదు. బాగా ఆడేవాళ్ళకి రెండు టచ్‌లు, మిగతావాళ్ళకి ఎన్నైనా. లేదా జట్లు అసమానంగా కట్టండి. నలుగురు అనుభవజ్ఞులు, ఎదురుగా ఐదుగురు కొత్తవాళ్ళు. పరుగు అందరికీ సమంగా పడుతుంది.

ఒకటి మాత్రం చేయకండి. కెప్టెన్లు ఇద్దరూ ఒక్కొక్కరినీ పేరు పెట్టి ఎంచుకునే పద్ధతి. చివర మిగిలే మనిషి ప్రతి వారం ఒకడే. మా దగ్గర ఒక తమ్ముడు అలా మూడు వారాలు చివర మిగిలి రావడం మానేశాడు. నేను ఫోన్ చేసి అడిగితే ఆఫీసు పని అన్నాడు. అప్పటి నుంచి బిబ్స్ సంచిలో పెట్టి, చెయ్యి పెట్టి తీసుకోమంటున్నాను.

కీపర్ తప్పనిసరిగా ఉండాలా?

ఆ రోజు ఏం నేర్చుకుంటున్నారో దాన్ని బట్టి. చిన్న గోల్స్ ఉంటే అక్కర్లేదు, మనుషులందరూ పరిగెత్తుతారు. షూటింగ్ రోజయితే తప్పకుండా ఉండాలి. కీపర్ లేని ఖాళీ గోల్‌లోకి కొట్టడం ఎవరికీ ఏమీ నేర్పదు. కీపర్‌ని వంతులవారీగా పెడుతుంటే వేలికి దెబ్బ తగలకుండా గ్లవ్స్ ఒక జత కొనండి.

ఇన్ని ఆటలు ఆడుతుంటే విడిగా రన్నింగ్ చేయాలా?

ఊపిరి పెరగడానికి విడిగా గంటల తరబడి జాగింగ్ అక్కర్లేదు, చిన్నాటలు ఆ పని చేస్తాయి. కానీ పూర్తి వేగంతో పరిగెత్తడం మాత్రం అందులో దొరకదు. 30 మీటర్ల జాగాలో ఎవరూ తమ అసలు వేగం అందుకోలేరు, అందుకునే లోపే గీత వస్తుంది. మూడు నెలలు చిన్నాటలే ఆడి ఒక ఆదివారం పెద్ద గ్రౌండ్‌లో దిగి, బంతి దొరకగానే ఎదురుదాడికి (కౌంటర్ ఎటాక్) యాభై మీటర్లు పరిగెత్తారనుకోండి. తొడ వెనక కండరం పట్టేస్తుంది. మా జట్టులో ఒకే నెలలో ఇద్దరికి అలా అయింది. తప్పు నాదే, వాళ్ళని వేగానికి నేను సిద్ధం చేయలేదు.

ఇప్పుడు వారానికి ఒక రోజు, వార్మప్ తర్వాత ఆట మొదలుకాక ముందు, 30–40 మీటర్ల స్ప్రింట్లు నాలుగైదు చేస్తాం. మొదటి మూడు వారాలు ముప్పావు వేగమే, ఆ తర్వాతే పూర్తి వేగం. ప్రతి పరుగు తర్వాత నడుచుకుంటూ వెనక్కి రావాలి, ఆయాసం పూర్తిగా తగ్గాలి. టర్ఫ్‌లో అంత దూరం దొరకదు, కాబట్టి ఆ రోజు మట్టి గ్రౌండ్‌కి వెళ్తాం. ఇంటి దగ్గర నార్డిక్ వ్యాయామం చేయమంటాను. మోకాళ్ళ మీద నిలబడి, వెనక ఎవరైనా మడమలు పట్టుకుంటే, నడుం వంచకుండా నెమ్మదిగా ముందుకు ఒరగడం. మొదటి వారం ఒళ్ళు నొప్పులు బాగా వస్తాయి, అందుకే నాలుగైదు సార్లతో మొదలుపెట్టండి.

దెబ్బలు ఎక్కువ తగులుతున్నాయి. ఏం చేయాలి?

మొదట షూస్ చూడండి. గడ్డి మీద వేసుకునే, అడుగున పొడవాటి స్టడ్స్ (మేకుల్లాంటి బుడిపెలు) ఉన్న షూస్‌తో కృత్రిమ టర్ఫ్ మీదికి వస్తే పాదం పట్టేసుకుంటుంది, ఒళ్ళు తిరుగుతుంది, మోకాలు మధ్యలో నలుగుతుంది. చిన్న చిన్న రబ్బరు బుడిపెలున్న టర్ఫ్ షూస్ కొనుక్కోండి. చిన్నాటలో ఆగడం, తిరగడం ఎక్కువ కాబట్టి ఇది ఇంకా ముఖ్యం. నేల మీద జారుతూ బంతి లాగే స్లైడ్ ట్యాకిల్ మేము పూర్తిగా నిషేధించాం. టర్ఫ్ మీద చర్మం ఊడిపోతుంది, సోమవారం ఆఫీసులో కూర్చోలేరు.

వార్మప్ అంటే రెండు రౌండ్లు పరిగెత్తి చేతులు తిప్పడం కాదు. ఫిఫా వాళ్ళు తయారుచేసిన లెవెన్ ప్లస్ అనే వార్మప్ ఉంది. ఇరవై నిమిషాలు పడుతుంది, మూడు భాగాలు. మెల్లగా పరుగు, తర్వాత బలం, బ్యాలన్స్, గెంతులు, చివర కొంచెం వేగంగా పరుగు. వారానికి కనీసం రెండుసార్లు చేసే జట్లలో గాయాలు తగ్గుతున్నాయని పరిశోధనల్లో తేలింది. స్లాటు టైం తినేస్తుందని అందరూ గొణుగుతారు. పది నిమిషాలు ముందు వచ్చి బయట పార్కింగ్ దగ్గర సగం చేసేయమని చెబుతాను.

ముప్పై ఐదు దాటి, ఏళ్ళ తరబడి వ్యాయామం లేనివాళ్ళు ముందు డాక్టరుకి చూపించుకోండి. చిన్నాటలో గుండె వేగం చాలా పైకి వెళ్తుంది. ఆడుతుండగా ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, ఎప్పుడూ లేని ఆయాసం వస్తే ఆ క్షణమే ఆపి ఆస్పత్రికి వెళ్ళాలి. తలకి గట్టి దెబ్బ తగిలినవాళ్ళని ఆ రోజు మళ్ళీ దింపకండి, వాళ్ళు బాగానే ఉన్నానని ఎంత బతిమాలినా సరే.

ఆట నడుస్తుంటే కోచ్ ఏం చెప్పాలి?

వీలైనంత తక్కువ. ఆట మధ్యలో మీరు బంతి ఇటు ఇవ్వు, అటు ఇవ్వు అంటే ఆటగాడు తన కళ్ళు వాడటం మానేసి మీ గొంతు కోసం చూస్తాడు. ప్రోత్సహిస్తూ అరవండి, దానివల్ల పరుగు పెరుగుతుంది. చెప్పాల్సినవి విశ్రాంతి రెండు నిమిషాల్లో చెప్పండి, అదీ ప్రశ్నగా. ఇప్పుడు గోల్ ఎందుకు పడింది, నీకు బంతి వచ్చినప్పుడు ఖాళీ ఎక్కడ ఉంది అని అడగండి. మొదట అందరూ నేల చూపులు చూస్తారు. అలవాటయ్యాక వాళ్ళే చెబుతారు. అసలు ఎక్కువ పని బంతులతోనే. ఒకటి బయటికి పోగానే ఇంకొకటి లోపలికి వేయాలి, ఆట చల్లబడకూడదు.

పిలుపుల విషయం కూడా చెప్పాలి. ఇది బెంగళూరు, మా తెలుగు జట్టులో కూడా ఇద్దరు కన్నడ మిత్రులు, ఒక తమిళ అన్న, ఒక మణిపురి కుర్రాడు ఉన్నారు. ఒకరు వెనకాల అంటే ఇంకొకరు హిందె అంటారు, ఈ లోపు బంతి పోతుంది. అందుకని నాలుగు మాటలు ఖాయం చేసుకున్నాం. మనిషి మీదికొస్తుంటే మ్యాన్, ఖాళీ ఉంటే టైం, తిరగొచ్చంటే టర్న్, తిరిగి ఇచ్చేయమంటే బ్యాక్. మీ జట్టుకి ఏ మాటలు కుదిరితే అవి పెట్టుకోండి, కానీ అందరివీ ఒకటే కావాలి.

మా పిల్లలకి కూడా ఇలాగే నేర్పించవచ్చా?

పిల్లలకైతే ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. ముగ్గురు ముగ్గురు, నాలుగు చిన్న గోల్స్, కీపర్ లేడు. దీనికి ఫునీన్యో అని పేరు. ప్రాచుర్యంలోకి తెచ్చినాయన హోర్స్ట్ వైన్, జర్మన్, అసలు హాకీ కోచ్. 1980 మాస్కో ఒలింపిక్స్ హాకీ ఫైనల్లో మన జట్టు 4–3తో స్పెయిన్‌ని ఓడించింది గుర్తుందా, ఆ స్పెయిన్ జట్టుకి కోచ్ ఆయనే. జర్మనీ ఫుట్‌బాల్ సంఘం 2024–25 సీజన్ నుంచి చిన్న పిల్లల విభాగాల్లో ఇలాంటి చిన్న ఆటలనే తప్పనిసరి చేసింది.

అపార్ట్‌మెంట్ కింద బాస్కెట్‌బాల్ కోర్టు ఉంటే చాలు. బంతి చిన్నది వాడండి. తలతో కొట్టించకండి. గీత పక్కన నిలబడే అమ్మానాన్నలకి నాది ఒక్క మనవి. పిల్లలు బంతి దగ్గర ఉన్నప్పుడు పాస్ ఇవ్వు అని అరవకండి. ఏడేళ్ళ పిల్ల బంతిని తనతోనే ఉంచుకోవాలనుకోవడం సహజం. ఉంచుకోనివ్వండి.

బెంగళూరు వానలకి, ఎండకి ఏం చేస్తారు?

ఊరు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఉక్కపోత తక్కువ. మన విజయవాడ ఎండలతో పోలిస్తే ఇక్కడ ఏప్రిల్‌లో కూడా పొద్దున ఏడు లోపు హాయిగా ఆడొచ్చు. ఆ చల్లదనం వల్లే నీళ్ళు తాగడం మరిచిపోతారు, విశ్రాంతి ఇచ్చిన ప్రతిసారీ నేను గుర్తు చేస్తాను. మే నెలలోనూ సెప్టెంబర్, అక్టోబర్‌లలోనూ సాయంత్రం వాన ఎక్కువ. చినుకులు ఫర్వాలేదు. ఉరుము వినిపిస్తే ఆట ఆపి లోపలికి వెళ్ళాలి, స్లాటు డబ్బులు పోయినా సరే. వాన ట్రాఫిక్‌లో సగం మంది సిల్క్ బోర్డు కూడలి దగ్గరే ఆగిపోతే వచ్చిన ఆరుగురితో ముగ్గురు ముగ్గురు ఆడేస్తాం. చిన్నాటల వల్ల ఇదొక లాభం, ప్రాక్టీసు రద్దు కాదు.

తీరిక దొరికిన ఆదివారం అల్సూరు దగ్గర గౌతమపురకి వెళ్ళండి. పెలే విగ్రహం పెట్టుకున్న పేట అది. ఆస్టిన్ టౌన్ వైపు కూడా వెళ్ళండి. అక్కడి కుర్రాళ్ళు ఇరుకు జాగాలో బంతిని ఎలా తిప్పుతారో గంటసేపు నిలబడి చూస్తే నా పేజీ అంతా చదివినదానికంటే ఎక్కువ తెలుస్తుంది. కంఠీరవ స్టేడియంలో బెంగళూరు ఎఫ్‌సీ మ్యాచ్‌కి వెళ్తే బంతిని కాకుండా మీరు ఆడే స్థానంలోని ఆటగాడిని పది నిమిషాలు వదలకుండా చూడండి.

మెరుగవుతున్నామో లేదో ఎలా తెలుస్తుంది?

గోల్స్ లెక్క చూస్తే తెలియదు. దెబ్బ తగిలి ఆడలేని వాళ్ళని పక్కన కూర్చోబెట్టి ఒక కాగితం ఇస్తాను. ఒక్క ఆటగాడినే మూడు నిమిషాలు చూడాలి. బంతి వచ్చే ముందు తల తిప్పి చుట్టూ చూశాడా, అంతే. చూసినప్పుడల్లా ఒక గీత. మొదటి నెలలో ఒక అన్నకి మూడు నిమిషాల్లో రెండు గీతలు పడ్డాయి. ఆరు నెలల తర్వాత అదే ఆటలో పదకొండు. ఆ కాగితాలు రెండూ ఆయన తన బ్యాగులో దాచుకున్నాడు.